మిషన్ స్టేట్‌మెంటూ, సిమెంటు బస్తా

మీరు పనిచేసే కంపెనీ మిషన్ స్టేట్‌మెంటు ఏంటో, వెబ్‌సైటు తెరవకుండా, రిసెప్షన్ గోడ దాకా వెళ్ళి చూడకుండా, ఇప్పటికిప్పుడు చెప్పగలరా? నా వల్లయితే కాదు. ఇప్పటికి నాలుగు కంపెనీలు మారాను. నాలుగింటికీ మిషన్ ఉంది, విజన్ ఉంది, విలువలు ఐదేసి చొప్పున ఉన్నాయి. ఒకచోటైతే ఐడీ కార్డు వెనకాల అచ్చేసి మరీ ఇచ్చారు. మూడేళ్ళు మెళ్ళో వేలాడింది, ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నదల్లా దాని కిందే ఉన్న ఇంకో వాక్యం: కార్డు పోగొట్టుకుంటే రెండొందలు కట్టాలి. దాన్ని మాత్రం అందరం చదివాం, అందరికీ అర్థమైంది, జాగ్రత్తగా పాటించాం కూడా.

జోకు కాదండీ. ఆ రెండొందల వాక్యంలో ఏముంది, దాని పైనున్న మిషన్ వాక్యంలో ఏం లేదు అన్నదే నా ప్రశ్న. మామూలుగా అయితే ఇలాంటివాటి మీద బుర్ర పెట్టే ఓపిక నాకు లేదు. మా తమ్ముడి వల్ల పెట్టాల్సొచ్చింది. తమ్ముడంటే బాబాయి కొడుకు.

మాది మేళ్లచెరువు. పాత నల్గొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. బయటివాళ్ళకి మా ఊరు రెండు సంగతుల వల్ల తెలుసు. శివరాత్రికి జరిగే శంభులింగేశ్వరస్వామి జాతర, అందులో ఎద్దులతో బండలాగుడు పందేలు ఒకటి. సిమెంటు రెండోది. మా నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టి మహా సిమెంటు ఫ్యాక్టరీ మా ఊళ్ళో ఉంది, హుజూర్‌నగర్, మఠంపల్లి, వాడపల్లి వైపు వెళ్తే ఇంకా చాలా ఉన్నాయి. మా బళ్ళో ఎవరిని అడిగినా వాళ్ళ నాన్న పొలమన్నా చేసేవాడు, ఫ్యాక్టరీకన్నా పోయేవాడు, లేదంటే లారీ తోలేవాడు.

మా తమ్ముడు ఈ మూడూ కాకుండా ఇటుకల యూనిట్ పెడదామనుకున్నాడు. బూడిద, సిమెంటు, క్రషర్ డస్టు కలిపి మిషన్లో అచ్చు కొట్టే ఫ్లైయాష్ ఇటుకలు. సిమెంటు ఇంటి ముందే దొరుకుతుంది, బూడిద విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి తెచ్చుకోవచ్చు. బాంకు లోనుకి ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నారు. ఒక రోజు ఫోన్ చేశాడు.

"అన్నా, రిపోర్టులో మిషన్ గురించి ఒక పేజీ ఉండాలంట. మనం తీసుకునే మిషన్ కొటేషన్ పెడితే సరిపోద్దా?"

నవ్వొచ్చింది గానీ వాడి తప్పేముంది? మనకి మిషన్ అంటే కుట్టు మిషన్, పిండి మిషన్, ఇటుకల మిషన్. పనిచేసేది. చెయ్యకపోతే వెంటనే తెలిసిపోయేది. నిజం చెప్పాలంటే ఆ ఇంగ్లీషు మాట అసలు అర్థం కంటే నాకు మావాడి అర్థమే బాగుంది.

కోదాడలో ఇలాంటి రిపోర్టులు తయారుచేసిచ్చే ఒకాయన దగ్గర నుంచి మావాడు నమూనా తెచ్చాడు. మిషన్ పేజీ ఇంగ్లీషులో దర్జాగా ఉంది. తెలుగులో చెప్పాలంటే, "నాణ్యతలోనూ నూతనత్వంలోనూ అగ్రగామిగా నిలుస్తూ, మా భాగస్వాములందరికీ సుస్థిరమైన విలువను అందిస్తూ, ప్రపంచస్థాయి సంస్థగా ఎదగడమే మా ధ్యేయం." బాగానే ఉంది కదా అనుకుంటూ కిందికి వెళ్తే మూడో పేరాలో "తాజా చేపల సరఫరాలో" అని తగిలింది. అంతకుముందు ఎవరో చేపల చెరువు పెట్టుకున్నాయనకి చేసిన రిపోర్టు అన్నమాట, పేర్లు మార్చినప్పుడు ఆ ఒక్కచోట మర్చిపోయారు :)

చేపల ముక్క తీసేస్తే ఆ పేజీ ఇటుకలకి పనికొస్తుంది. నిజానికి సాఫ్ట్‌వేరు కంపెనీకి కూడా పనికొస్తుంది. మీ కంపెనీ పేజీ తెరిచి పోల్చి చూసుకోండి, నేను చూసుకున్నాను, రెండు మాటలు తేడా. పేరు తీసేసి పోటీ కంపెనీ పేరు పెట్టినా చెక్కుచెదరని వాక్యం ఎవరిదీ కాదు. ఇది చాలామంది చెప్పే పరీక్షే, నేను కనిపెట్టిందేం కాదు. కానీ ఇది తొలి మెట్టు మాత్రమే. అసలు చిక్కు ఇంకోచోట ఉంది, అది మనవాళ్ళందరికీ అనుభవమే.

రెండేళ్ళ క్రితం మా టీముని శామీర్‌పేట వైపు ఒక రిసార్టుకి తీసుకెళ్ళారు, మిషన్ స్టేట్‌మెంటు రాయడానికి. పదకొండు మందిమి. పసుప్పచ్చ చీటీలు, రంగు పెన్నులు, బయట నుంచి వచ్చిన ఒక శిక్షకుడు. రెండు రోజులు చీటీలంటించి, గుంపులు చేసి, ఓట్లేసి చివరికి "కస్టమరే ముందు" అన్న చోటికి చేరాం. పనీర్ మాత్రం బాగుంది. వచ్చాక దాన్ని ఫ్రేము కట్టించి మీటింగు రూములో పెట్టారు.

ఆరు నెలలకి అదే రూములో గొడవ. మాది బిల్లింగు ప్రాడక్టు. శుక్రవారం రిలీజు అని కస్టమర్‌కి మాటిచ్చారు. బుధవారం ఒక తప్పు దొరికింది: ఎప్పుడో ఒకసారి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్తోంది. సేల్స్ ఆయన లేచి, మాటిచ్చాం, తప్పితే కస్టమర్ దగ్గర మొహం ఎత్తుకోలేం, కస్టమరే ముందు అన్నాడు. టెస్టింగు ఆవిడ, తప్పుడు బిల్లు పంపిస్తే అంతకంటే అవమానం లేదు, కస్టమరే ముందు అంది. ఇద్దరూ గోడకేసి చెయ్యి చూపించారు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడారు. ఆ ఫ్రేములోని వాక్యం రెండు పక్షాలకీ సాక్ష్యం చెప్పింది! చివరికి ఎవరి గొంతు పెద్దదైతే, ఎవరి హోదా పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గింది. అంటే ఆ వాక్యం లేకపోయినా ఏం జరిగేదో అదే జరిగింది.

"నాణ్యత కావాలా, వద్దా?" అని ఏ ఆఫీసులోనూ ఎవరూ కొట్టుకోరు. కొట్టుకునేదెప్పుడూ రెండు మంచి సంగతుల మధ్య, రెండూ ఒకేసారి కుదరనప్పుడు. చెప్పిన తేదీకి ఇవ్వడమూ మంచిదే, సరిగ్గా ఇవ్వడమూ మంచిదే. ఆ పూట ఏది వదులుకుంటారో ముందే రాసిపెట్టుకుంటే అది మిషన్. "తప్పు బిల్లు బయటికి వెళ్ళడం కంటే రిలీజు ఆగడం మేలు" అని మేం రాసుకుని ఉంటే, అది ఫ్రేము కట్టించుకునేంత అందమైన వాక్యం కాదు, కానీ బుధవారం మధ్యాహ్నం గంటన్నర మీటింగు ఐదు నిమిషాల్లో అయిపోయేది. దీనికి వ్యతిరేకంగా "చెప్పిన తేదీ తప్పం, చిన్న తప్పులుంటే తర్వాత దిద్దుతాం" అని రాసుకునే కంపెనీ కూడా ఉండొచ్చు. తప్పేం లేదు. దానికి తగ్గ కస్టమర్లు దానికుంటారు. రెండూ రాయకుండా "ముందు కస్టమర్, ముందు నాణ్యత, ముందు ఉద్యోగి" అని ముగ్గుర్నీ ముందు నిలబెట్టడమే తంటా.

ఇక సిమెంటు బస్తా దగ్గరికొస్తాను. సిమెంటు ధర, పంపిణీ ఒకప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండేవి. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అంతకుముందు సిమెంటు పర్మిట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కథలు మా పెద్దవాళ్ళ దగ్గర బోలెడు. దొరికితే చాలనుకునే రోజుల్లో సిమెంటుకి నినాదం ఎందుకు? కంట్రోలు పోయాక పోటీ వచ్చింది, దాంతోపాటే టీవీల్లో కొండలూ, ఏనుగులూ, కూలని గోడలూ వచ్చాయి. ఒకే ప్రాంతపు సున్నపురాయి, ఒకే ప్రమాణం, ఒకే రకం బస్తా అయినప్పుడు మాటలతోనే కదా వేరని చూపించుకోవాలి.

కానీ మా ఊళ్ళో మేస్త్రీ ఎవరూ బస్తా మీద ఆ పెద్ద అక్షరాలు చదవగా నేను చూడలేదు. బస్తా తిప్పి, కిందున్న చిన్న అక్షరాలు చూస్తాడు. అక్కడ గ్రేడు ఉంటుంది, ఐఎస్‌ఐ గుర్తు ఉంటుంది, నికర బరువు 50 కిలోలు అని ఉంటుంది, ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారైందో ఉంటుంది. 53 గ్రేడు అంటే ఏంటి? ఆ సిమెంటుని ప్రామాణిక పద్ధతిలో ఇసుకతో కలిపి చిన్న దిమ్మెలు పోసి, 28 రోజులయ్యాక యంత్రంలో పెట్టి నొక్కితే కనీసం 53 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకోవాలి. అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 540 కిలోలు. అక్కడితో ఆగలేదు. మూడో రోజుకి 27, ఏడో రోజుకి 37 ఉండాలి. సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే మధ్యలో రెండు మైలురాళ్ళు, చివర్లో ఒక పరీక్ష, పాసా ఫెయిలా, మధ్యేమార్గం లేదు. వారం నంబరు ఎందుకంటే సిమెంటు నిలవుంటే బలం తగ్గుతుంది. మూడు నెలలు దాటితే మళ్ళీ పరీక్షించకుండా వాడొద్దంటారు. అంటే "నా మాటకి ఇంత కాలమే విలువ" అని కూడా బస్తానే చెప్తోంది. ఏ కంపెనీ అయినా తన విలువల పేజీ కింద గడువు తేదీ వేసుకోవడం చూశారా?

మనం రిక్వైర్‌మెంట్లు రాసేటప్పుడు ఒక నియమం పాటిస్తాం: టెస్ట్ కేసు రాయలేని వాక్యాన్ని రిక్వైర్‌మెంటుగా ఒప్పుకోం. "సిస్టమ్ వేగంగా ఉండాలి" అని కస్టమర్ రాస్తే వెనక్కి పంపిస్తాం, ఎన్ని సెకన్లో చెప్పమని. అదే కంపెనీ మనకి "శ్రేష్ఠత కోసం నిరంతరం పరితపిస్తాం" అని రాసిస్తే చప్పట్లు కొడతాం. ఎందుకో నాకర్థం కాదు.

మిషన్ అన్న మాట తెలంగాణలో ఇంటింటికీ తెలిసింది ప్రభుత్వ పథకాల వల్ల. చెరువులకి మిషన్ కాకతీయ, తాగునీటికి మిషన్ భగీరథ. భగీరథ 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర ప్రారంభమైంది. ఇంటింటికీ నల్లా నీళ్ళివ్వకపోతే వచ్చే ఎన్నికల్లో ఓట్లడగను అని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగంగా అన్నారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన నల్గొండ జిల్లాలో ఆ మాటకి ఉన్న బరువు వేరు. చెప్పినట్టు అందరికీ వచ్చాయా రాలేదా అన్నది రాజకీయం, మీరూ మీరూ తేల్చుకోండి. నేను చూసేది వాక్యం కట్టిన తీరు. ఎవరి ఇంటికైనా వెళ్ళి నల్లా తిప్పి చూడొచ్చు. చెప్పినాయన తప్పితే ఏం పోగొట్టుకుంటాడో కూడా అందులోనే ఉంది. ఐడీ కార్డు రెండొందల వాక్యం లాగా!

మన హైదరాబాదులోనే ఒకే సంవత్సరం పుట్టిన రెండు సంస్థల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1987. ఆ ఏడు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వచ్చింది, సత్యం కంప్యూటర్స్ కూడా వచ్చింది.

సినిమా దర్శకుడు ఎల్వీ ప్రసాద్ విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు పెట్టిన ఆ ఆసుపత్రి నినాదం, మన మాటల్లో చెప్పుకుంటే, అందరికీ చూపు దక్కాలని. చూడటానికి ఇదీ పెద్ద మాటే. కానీ "అందరికీ" అన్న ఒక్క మాట ఎంత ఇరకాటంలో పెడుతుందో చూడండి. డబ్బుల్లేనివాళ్ళు కూడా అందరిలో వాళ్ళే, కాబట్టి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఉచితంగా చూడాలి. అలా చూస్తున్నారు కూడా, ఎంత పెద్ద ఆపరేషన్ అయినా. బంజారాహిల్స్ దాకా రాలేనివాళ్ళు కూడా అందరిలో వాళ్ళే, కాబట్టి పల్లెల్లో చిన్న కంటి కేంద్రాలు పెట్టి, అక్కడి కుర్రవాళ్ళకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాలి. అదీ చేశారు. "దేశంలోకెల్లా ఉత్తమ కంటి ఆసుపత్రి" అని రాసుకుని ఉంటే ఈ రెండు పనులూ చెయ్యకుండానే ఉత్తమం అయిపోవచ్చు.

సత్యం సంగతి మనవాళ్ళకి నేను చెప్పాలా? పేరే సత్యం. అంతకంటే పొట్టి మిషన్ స్టేట్‌మెంటు ప్రపంచంలో ఉండదు. 2008 సెప్టెంబరులో కంపెనీని సవ్యంగా నడిపినందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం వచ్చింది, ఉందని చూపించిన నగదులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదని. అవార్డు వెనక్కి తీసుకున్నారు. యాభై వేలకు పైగా ఉద్యోగులు, వాళ్ళలో మీరో మీ రూమ్మేటో ఉండే ఉంటారు. ఆ వారం అమీర్‌పేటలో టీకొట్ల దగ్గర ఇంకో మాట వినపడలేదు. బాంకులో డబ్బుందా లేదా అన్నదానికంటే తేలిగ్గా తేలే ప్రశ్న ఏముంటుంది చెప్పండి? అలాంటిది ఏళ్ళ తరబడి తేలలేదు. పేరులో ఉన్న సత్యానికి పరీక్ష ఎవరూ పెట్టలేదు.

దీనికి ఒక పిట్టకథ. అదే రాజుగారి కుటుంబం 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు మొదలుపెట్టింది. ఉత్తరం తర్వాత 2009లో దాన్ని జీవీకే వాళ్ళు తీసుకున్నారు, బళ్ళు ఆగలేదు. కంపెనీ పరువు పోయినా 108 పరువు పోలేదు. బండి వచ్చిందా రాలేదా అన్నది రోడ్డు మీద పడి ఉన్నవాడికీ, వాడి పక్కన నిలబడ్డవాడికీ ఆ పూటే తెలిసిపోతుంది కదా, అక్కడ లెక్కలు దిద్దడానికి కుదరదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒప్పుకోరని తెలుసు. మిషన్ అంటే పెద్ద కల అయ్యుండాలి, నువ్వేమో దాన్ని గేటు దగ్గరి సెక్యూరిటీ రూలు స్థాయికి దించేస్తున్నావు అంటారు. సరే, పెద్ద కలే తీసుకుందాం. మైక్రోసాఫ్టు మొదట్లో చెప్పుకున్నది ప్రతి బల్ల మీదా, ప్రతి ఇంట్లో ఒక కంప్యూటర్ అని. ఇళ్ళల్లో టీవీలే లేని రోజుల్లో మన దేశంలో విని ఉంటే పిచ్చి అనుకునేవాళ్ళం. అంత పెద్ద కల. అయినా లెక్కపెట్టొచ్చు, బల్లలు ఎన్ని, కంప్యూటర్లు ఎన్ని అని. మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక, 2015లో దాన్ని మార్చి, భూమ్మీద ప్రతి మనిషీ, ప్రతి సంస్థా ఇంకా ఎక్కువ సాధించేలా శక్తినివ్వడం అన్నారు. సాహిత్యంగా బాగుంది, నాకైతే పాతదే ఇష్టం. "ఇంకా ఎక్కువ" ఎప్పటికీ పూర్తికాదు, ఎప్పటికీ ఫెయిల్ కాదు. అయితే నాదెళ్ళకి అనుకూలంగా ఒకటి చెప్పాలి. ఆ వాక్యం రాకముందే, 2014 మార్చిలోనే, ఐప్యాడ్ మీద ఆఫీస్ విడుదల చేశారు. పోటీవాడి యంత్రం మీద తమ సరుకు. "ప్రతి మనిషీ" అన్నదాంట్లో యాపిల్ కొనుక్కున్నవాడు కూడా ఉన్నాడని ముందు చేసి చూపించి, తర్వాత రాసుకున్నారు. వరుస అదయితే వాక్యం కొంచెం మెత్తగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇంకో మాట, భాష గురించి. దీని మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. మన దగ్గర పదిమంది పనివాళ్ళుండే షెడ్డుకి కూడా మిషన్ స్టేట్‌మెంటు ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరి కోసం? ఆ పదిమందీ చదవరు. వచ్చే కస్టమర్ చదవడు. బాంకాయన చదివినట్టు సంతకం పెడతాడు. పనివాళ్ళు పాటించాల్సిన మాటని పనివాళ్ళకి రాని భాషలో రాయడం అంటే, పాటించకపోయినా పర్లేదని ముందే చెప్పడం. తెలుగులో రాయడంలో ఇంకో లాభం ఉంది, డొల్ల మాటలు నిలబడవు. ఇంగ్లీషులో స్టేక్‌హోల్డర్, సినర్జీ, వరల్డ్ క్లాస్ అని వరసగా దొర్లించొచ్చు. వాటినే తెలుగులో మీ అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలని కూర్చోండి. రెండో మాటకే గొంతు పట్టుకుంటుంది. శ్రేష్ఠత, నిబద్ధత, సుస్థిరత అని పుస్తకం మాటలు తెచ్చుకుంటే అది తెలుగు లిపిలో ఇంగ్లీషే. మీ ఆఫీసు వాక్యాన్ని ఒక సాయంత్రం ఇంట్లో ఇలా చెప్పి చూడండి, "ఇంతకీ మీరు చేసేదేంట్రా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి మీరు చెప్పే జవాబు గోడ మీద ఉండాల్సింది.

మా తమ్ముడి విషయంలో అదే చేశాను. బాంకు కోసం ఇంగ్లీషు పేజీని అలాగే, చేపలు తీసేసి, ఉంచమన్నాను. వాళ్ళకి కావాల్సింది పేజీ. వాడి కోసం వేరే రాద్దామని ఫోన్లో ఒక గంట మాట్లాడాం. మంచి ఇటుకలు చేస్తాం అన్నాడు. చెడ్డ ఇటుకలు చేస్తామని ఎవరైనా రాస్తారా అన్నాను. తక్కువ ధరకే ఇస్తాం అన్నాడు. పక్క యార్డువాడు రూపాయి తగ్గిస్తే ఏం చేస్తావు అంటే మాట్లాడలేదు. చివరికి, "ఏ కస్టమర్ వస్తే డబ్బులిస్తానన్నా వద్దని పంపిస్తావు?" అని అడిగాను.

"గదేందన్నా, వచ్చినోణ్ణి ఎవడన్నా పంపిస్తాడా?" అన్నాడు. కాసేపాగి వాడే చెప్పాడు. "పచ్చి ఇటుక అడిగేటోణ్ణి పంపించాలె. అందరూ వారం, పది రోజులకే లోడెత్తుతరు. నీళ్ళు సరిగ్గా పట్టకుండా పోతే గోడలో పగుల్తది, మన పేరు పోతది."

ఈ ఇటుకకి కాల్పు లేదు. బలమంతా అచ్చు కొట్టాక రోజూ నీళ్ళు పట్టడంలోనే వస్తుంది. ఎన్ని రోజులు అని అడిగితే 21 అన్నాడు. అలా తేలిన వాక్యం ఇది: "ఇరవై ఒక్క రోజులు నీళ్ళు తాగని ఇటుక మా గేటు దాటదు." షెడ్డు గోడ మీద పెయింటుతో రాయించాడు. దాంతోపాటు ప్రతి దొంతర మీదా అచ్చు కొట్టిన తేదీ సున్నంతో రాయడం మొదలుపెట్టారు. ఇది నేను చెప్పలేదు. గోడ మీద మాట ఉన్నాక తేదీ లేకపోతే దాన్ని ఎలా చూసుకోవాలి అని యార్డు చూసే కుర్రాడే అడిగాడట.

పోయిన ఎండాకాలం ఒక కాంట్రాక్టరు లారీలతో వచ్చాడు. ఇరవై వేల ఇటుకలు కావాలి, మొత్తం నగదు, అక్కడికక్కడే. యార్డులో ఉన్నవి పన్నెండో రోజు దొంతరలు. తమ్ముడు పెళ్ళికని సూర్యాపేట పోయాడు. కుర్రాడు ఏడో తరగతితో బడి మానేసినవాడు, వాడు గోడ చూపించి, "నాకు తెల్వదు సార్, మాకు అట్లనే రాసిచ్చిండ్రు" అన్నాడట. కాంట్రాక్టరు తమ్ముడికి ఫోన్ చేశాడు, తమ్ముడు నాకు చేశాడు. ఐదో తారీఖు ఈఎంఐ, ఖాతాలో సగం కూడా లేదు. ఏం చెయ్యమంటావన్నా అన్నాడు. నీ గోడ, నీ అప్పు, నువ్వే చెప్పాలి అన్నాను. తొమ్మిది రోజులు ఆగితే ఇస్తానన్నాడు. వాళ్ళు ఆగలేదు, రెండు కిలోమీటర్ల అవతల ఇంకో యార్డులో ఎత్తుకుపోయారు. మళ్ళీ రాలేదు. ఆ నెల బాబాయి చీటీని నష్టానికి పాడి బాంకుకి కట్టారు. పిన్ని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు, హైదరాబాదులో కూర్చుని గోడల మీద రాతలు చెప్తావు అంటుంది. ఆవిడ కోణంలో ఆవిడ కరెక్టే.

ఆ వాక్యం వల్ల వ్యాపారం పెరిగిందా? లెక్క చూపించి చెప్పేంత కాలం ఇంకా కాలేదు. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు వచ్చినప్పుడు ముందు దొంతర మీద తేదీ చూస్తున్నారని మాత్రం తమ్ముడు అంటున్నాడు, బస్తా తిప్పి వారం నంబరు చూసినట్టు.

ఇప్పుడు వాడికి ఇంకో లైను రాయాలని ఉంది: "విరిగిన ఇటుకకి డబ్బు తీసుకోం." నేను ఒప్పుకోలేదు. లారీ వాడిది కాదు, డ్రైవరు వాడి మనిషి కాదు, గుంతల రోడ్డు వాడి చేతుల్లో లేదు. గేటు దాకా లెక్కపెట్టి ఇస్తాం అని రాయమన్నాను. వాడేమో దించేచోట లెక్క చూపిస్తేనే జనం నమ్ముతారంటాడు. సొంత ట్రాక్టరు కొన్నాక రాసుకుంటానని ప్రస్తుతానికి వాయిదా వేశాడు.